కండక్టర్ సీటు

"...అదంతా తర్వాత. మాటిచ్చావా లేదా, అది చెప్పు ముందు."

"ఇచ్చాను. కాదన్నానా?"

"అనలేదు. నీళ్ళు నములుతున్నావు."

అక్క తడి దుప్పటి కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. అటు కొస పట్టుకున్న చెల్లెలు అడుగు ముందుకు తూలి, నిలదొక్కుకుని, తనూ వెనక్కి లాగింది. దుప్పటి ఫట్‌మని మోగి, ముడతలన్నీ వదిలి పలకలా నిలబడింది. ఇద్దరూ దాన్ని తాడు మీదికి విసిరి, క్లిప్పులు పెట్టి, బుట్టలోంచి ఇంకోటి తీశారు. ఒంటిచేత్తో అయ్యే పని కాదిది. అందుకే చెల్లెలు రోజూ పొద్దున టీ తాగగానే రోడ్డు దాటి వచ్చి చెయ్యి వేస్తుంది. పోట్లాట ఉన్న రోజు కూడా వస్తుంది. అలాంటి రోజు దుప్పట్లు ఇంకా బాగా సాగుతాయని అక్క కొడుకు ఎప్పుడో అన్నాడు.

అక్కది లాండ్రీ. ఆసుపత్రి దుప్పట్లు, రెండు లాడ్జీల దుప్పట్లు. ఉతకడానికి లోపల మిషన్లున్నాయి కానీ, ఆరబెట్టే మిషన్ మాత్రం ఆకాశంలో ఉంది. ఇంటి పక్కన ఖాళీ జాగా, దాంట్లో తాళ్ళ వరసలు. పొద్దుటి వాయి మధ్యాహ్నానికి ఆరుతుంది. దాన్ని తీసి రెండో వాయి వేస్తే పొద్దు వాలేలోపు అదీ ఆరుతుంది. ఆ రెండో వాయితోనే అక్క పిల్లల్ని చదివించింది, ఇల్లు నిలబెట్టుకుంది.

ఆ జాగాకి పడమటి పక్కది వడ్రంగి స్థలం. ఇప్పుడక్కడ రేకుల షెడ్డు తప్ప ఏమీ లేదు. రాష్ట్రంలో కొత్తగా వచ్చిన చట్టం ప్రకారం అక్కడ నాలుగు కాపురాలు ఒకదాని మీద ఒకటి లేవచ్చు. లేస్తే రెండో వాయి నీడలో పడుతుంది.

చెల్లెలు ఆ వార్డుకి కౌన్సిలర్.

"నేనుండగా ఈ వీధిలో ఒకరి ఎండ ఇంకొకరు ఎత్తుకుపోరు అన్నావు," అంది అక్క. "ఓట్లప్పుడు మైకు పట్టుకుని అన్నావు. నా వైపు చూసి మరీ అన్నావు."

"అన్నాను."

"ఇంకేం మరి?"

"అప్పుడు నాకు తెలీదక్కా."

"తెలీనిదానివి ఎందుకన్నావే?"

దానికి జవాబు అక్క దగ్గరే ఉంది. ఆగని స్టాపులో ఆపుతానని డ్రైవర్ని అడక్కుండా మాటిచ్చే బుద్ధి కండక్టర్లకే ఉంటుంది.

చెల్లెలు కండక్టరుగా చేరినప్పుడు ఆ డిపోలో ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. భుజాన తోలు సంచి, చేతిలో టికెట్ల కట్ట, నోట్లో "రైట్ రైట్". ఆ కేక విని జనం పెట్టిన పేరే రైటమ్మ. మొదట్లో ఒక పెద్దమనిషి "ఏం అమ్మాయ్, చిల్లర లెక్క వచ్చా?" అని అడిగాడట. "చిల్లర వేషాల లెక్క కూడా వచ్చండీ," అందట. ఆయన దిగేదాకా కిటికీలోంచి బయటికే చూశాడని డ్రైవర్ చెప్పి చెప్పి నవ్వేవాడు.

అక్క అప్పట్లో లాడ్జీలకి మూటలు బస్సులోనే చేరవేసేది. చెల్లెలి బస్సు గదా, హాయిగా పోవచ్చనుకుని ఒకరోజు ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే చెల్లెలు వచ్చి, "మూటకి లగేజీ టికెట్ తీసుకో," అంది.

"నేనే నీకు జడలు వేసి బడికి పంపానే!"

"జడకి టికెట్ లేదక్కా. మూటకే."

అక్క టికెట్ తీసుకుంది, ఆ వారమంతా చెల్లెలితో మాట్లాడలేదు. కానీ ఆ రోజే ఆ బస్సులో ఒక సంగతి చూసింది. ఇప్పటికీ ఎవరు చెల్లెల్ని ఏమన్నా ముందు అదే గుర్తొస్తుంది.

బస్సు కిక్కిరిసి ఉంది. స్టాపులో ఇంకా జనం. నెలలు నిండిన ఒకావిడ ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, ఇంకో కాలికి చోటు లేక నిలబడిపోయింది. చెల్లెలు "లోపలికి జరగండి, ఖాళీ ఉంది," అని అరుస్తోంది. "ఎక్కడుందమ్మా ఖాళీ, నీ సీటు తప్ప?" అన్నాడెవరో వెనకనుంచి. అందరూ గొల్లుమన్నారు. చెల్లెలు కండక్టర్ సీట్లోంచి తన సంచీ, నీళ్ళ సీసా తీసేసి, ఆవిడ చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చి కూర్చోబెట్టింది. తర్వాత వెనక్కి తిరిగి, "ఇదిగో, నాది ఖాళీ అయింది. ఇప్పుడు మీరు జరగండి," అంది, అరవకుండా. గొణుక్కుంటూ, ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటూ జనం జరిగారు. స్టాపులో వాళ్ళు అందరూ ఎక్కారు.

అది ఒక రోజు చేసిన మంచిపని కాదు, చెల్లెలు పని చేసే పద్ధతే అంత. ముందు తను లేచేది, తర్వాత జరగమనేది. ఉద్యోగమంతా ఆ సీట్లో కూర్చున్నదెంతో, నిలబడ్డదెంతో ఆవిడ మోకాళ్ళకి తెలుసు.

అందుకే రిటైరయ్యాక ఆవిడ చేసిన మొదటి ఖర్చు ఒక కుర్చీ. వడ్రంగికి కొలతలిచ్చి చేయించుకుంది. వెడల్పాటి చేతులు, కాళ్ళు చాపుకోవడానికి ముందు ఒక పీట. దాన్ని డాబా మీద పెట్టించుకుంది. రోజూ సాయంత్రం ఒక్కర్తే పైకెక్కి, కాళ్ళు చాపి, చీకటి పడేదాకా కూర్చుంటుంది. ఆ వేళప్పుడు ఎవరు పిలిచినా పలకదు. మనవలు ఆ కుర్చీ ఎక్కితే ఇల్లు ఎగిరిపోతుంది. అక్క దానికి సింహాసనం అని పేరు పెట్టింది. "రాణిగారు కొలువులో ఉన్నారా?" అని కింద నుంచి అరిస్తే, పైనుంచి ఒక కాలు మాత్రం ఊగుతుంది.

ఆ సుఖం కొన్నాళ్ళే. వీధి చివర పల్లంలో ఇళ్ళున్నాయి. వానాకాలం మురుగునీళ్ళు గడప దాటి వస్తాయి. తోడిపోసే పంపు ఒకటుంది గానీ, దానికి తిరిగే రోజుల కంటే పడుకునే రోజులే ఎక్కువ. ఒక వానకి చెల్లెలు చీర ఎగదోపుకుని ఆ ఇళ్ళలో బకెట్లతో నీళ్ళు ఎత్తిపోసింది. మర్నాడు మున్సిపాలిటీకి పోయి అడిగితే, మీ కౌన్సిలర్ని అడగమన్నారు. కౌన్సిలర్ని అడిగితే కమిషనర్ని అడగమన్నాడు. "ఈ రూటు బస్సు చుట్టూ తిరిగి మళ్ళీ స్టాండుకే వస్తోంది," అని ఆవిడే నామినేషన్ వేసింది. బ్యాలట్ మీద గుర్తు ఏదైతేనేం, జనం మాత్రం రైటమ్మకి వేశారు.

పంపు కోసం వెళ్ళిన మనిషి, ఎండ గురించి మాటిచ్చి గెలిచింది. చిక్కంతా అక్కడొచ్చింది.

చట్టం సంగతి చెల్లెలు అక్కకి విప్పి చెప్పింది ఆ తడి దుప్పట్ల మధ్యనే.

"ఇంటిపన్ను ఇంతకి మించి పెంచకూడదని రాష్ట్రం ఎప్పుడో చట్టం చేసి పెట్టింది. అంటే ఊరు తన జేబులోంచి పంపు కొనలేదు. రాష్ట్రం ఇచ్చే గ్రాంటుతోనే కొనాలి. ఇప్పుడేమో కొత్త చట్టం. ఊళ్ళలో అద్దెలు మండిపోతున్నాయి కాబట్టి ప్రతి స్థలంలో నాలుగు కాపురాలకి పర్మిషన్ ఇవ్వాలట. గడువులోగా ఏ ఊరు తన రూల్సు మార్చుకోదో ఆ ఊరికి డ్రైనేజీ గ్రాంటు ఆపేస్తారట."

"చేతులు కట్టేసి ఈదమన్నట్టుంది."

"ఈదకపోతే నీళ్ళు కూడా తీసేస్తామంటున్నారు."

"మరి మీ కౌన్సిలంతా ఏం చేస్తున్నట్టు?"

"అక్కా, డిపోలో కూర్చున్నవాడు రూటు గీస్తాడు. డ్రైవర్ తోలతాడు. తిట్లు తినేది ఎవరు?"

అక్కకి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. పోట్లాటలో నవ్వితే ఓడినట్టు.

"తిట్లు తినడం నీకు అలవాటే," అంది. "నాకు తిండి ఆ తాళ్ళ మీదుంది. నువ్వు వద్దని ఓటెయ్యి. అంతే."

ఆ రోజే ఆసుపత్రి ఆయా దుప్పట్ల మూటతో వచ్చింది. చీర అంచు మోకాలి దాకా తడిసి, నల్లటి చార కట్టి ఉంది. ఆకాశం తేటగానే ఉంది.

"వాన లేదుగా, ఆ నీళ్ళెక్కడివే?" అంది అక్క.

"పంపు పడుకుందండీ పిన్నిగారూ. వాన లేకపోయినా మురుగు వస్తానే ఉంటది గదా." మూట దింపి, గుమ్మం బయటే నిలబడి కాళ్ళు కడుక్కుంది. "మీ దుప్పట్లకి తగలకుండా ఎత్తి పట్టుకునే వచ్చాను."

పల్లంలో ఆయాది ఒకటే గది. మధ్యలో చీర కట్టి, అటు అత్తగారూ ఇటు మొగుడూ పిల్లలూ. అక్కకి ఇది తెలియనిదేమీ కాదు. కానీ ఆయా వెళ్తూ వెళ్తూ, "వడ్రంగి బాబాయ్ మేడ వేస్తే ఒక పోర్షన్ నాకే ఇస్తానన్నాడండీ. మెట్లెక్కాలంట. నీళ్ళు ఎక్కని మెట్లు ఎన్నయినా ఎక్కుతానన్నాను," అని నవ్వేసి పోయింది. అక్క చేతిలో క్లిప్పు చాలాసేపు తాడెక్కలేదు.

ఆ సంగతి చెల్లెలికి చెప్పలేదు. చెప్తే బలం ఇచ్చినట్టవుతుంది.

ఆదివారం పొద్దున చెల్లెలు వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చింది. వెనక బండి మీద పొడుగాటి వెదురు బొంగులు.

"ఏంటిది? పందిరా?" అంది అక్క.

"నీ భయమెంతో నా భయమెంతో తెలీడంలేదక్కా. కొలుద్దాం. రెండు దుప్పట్లు ఇవ్వు."

వడ్రంగి తన స్థలంలో, గోడ రావాల్సిన చోట బొంగుల్ని ఒకదానికొకటి కట్టి, నాలుగు కాపురాల ఎత్తున నిలబెట్టాడు. వాటి మధ్య అక్క దుప్పట్లు తెరలా దిగాయి. వీధి వీధంతా గోడలెక్కి కూర్చుంది. సినిమా ఎప్పుడు మొదలవుతుందని ఒకాయన, టికెట్ ఎవరిస్తారని ఇంకొకాయన. "నేనున్నాగా, లైన్లో రండి," అంది చెల్లెలు.

మధ్యాహ్నం దాటింది. నీడ మెల్లగా గోడ దాటి అక్క జాగాలోకి దిగింది. అక్క నీలిమందు కలిపిన చెంబు తెచ్చి, నీడ అంచు ఎక్కడుంటే అక్కడ నేల మీద గీత పోసింది. కాసేపటికి ఇంకో గీత. ఇంకాసేపటికి ఇంకోటి. పొద్దు వాలేసరికి నీలి గీతలు తాళ్ళ వరసలన్నీ దాటి, మిషన్ల గది గుమ్మం దాకా వచ్చేశాయి.

గోడల మీద జోకులు ఆగిపోయాయి. వడ్రంగి తలపాగా తీసి మెడ తుడుచుకున్నాడు. "అక్కగారూ, నేను మీ పొట్ట కొట్టాలని కాదు," అన్నాడు. "ఇద్దరు కొడుకులు. షెడ్డులో చెక్కలూ మేమూ కలిసి పడుకుంటున్నాం."

"తెలుసయ్యా. నిన్నేమన్నా అన్నానా?"

చెల్లెలు గీతల వెంట నడిచి, మళ్ళీ వెనక్కి నడిచి, "బొంగులు అటు జరుపు," అంది వడ్రంగితో. "నీ స్థలంలోకి. ఇంకాస్త. ఇంకాస్త."

"ఇల్లే సగమైపోద్ది తల్లీ!"

"సగం కాదులే, వరండా పోతుంది. ఆగు."

జరిపాక నీడ కొంత వెనక్కి తగ్గింది. గోడ పక్కన ఉన్న వరసలు పోయినా, గుమ్మం వైపు వరసలకి ఎండ మిగిలింది. చట్టం ప్రకారం కాపురాలు వద్దంటే ఊరికి గ్రాంటు పోతుందట, కానీ పక్కవాడి హద్దుకి ఎంత దూరం వదలాలో ఊరే రాసుకోవచ్చట. ఆ ముక్క టౌన్ ప్లానింగ్ ఇంజనీరు చూపించాడట. రాయించుకోమని ఆయనే సలహా ఇచ్చాడట.

"సగం తాళ్ళు మిగుల్తాయి," అంది చెల్లెలు.

"సగం పోతాయి," అంది అక్క.

జనం వెళ్ళిపోయారు. ఇద్దరే మిగిలారు. చెల్లెలు కొంగుతో మొహం తుడుచుకుని, వీధికి అటు పక్కనున్న తన డాబా కేసి చూసింది. అక్కడ కుర్చీ ఒంటరిగా, పీట ముందు పెట్టుకుని ఉంది.

"పోయిన సగం తాళ్ళూ నా డాబా మీద కట్టుకో. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఎండే."

"సింహాసనం?"

"కింద వరండాలో వేసుకుంటాను."

"కింద వరండాలో కూర్చుంటే వీధిలో వాళ్ళంతా వచ్చి కుళాయి రాలేదనీ, లైటు వెలగట్లేదనీ నెత్తినెక్కుతారు. కాళ్ళు చాపుకున్నట్టే."

"చాపకపోతే ఏం? ఇన్నాళ్ళు నిలబడ్డ కాళ్ళేగా."

అక్కకి కోపం ముంచుకొచ్చింది. ఎందుకొచ్చిందో తనకే సరిగ్గా అంతుపట్టలేదు. "నీ దానధర్మాలు నాకొద్దు," అంది. "నేను డాబా అడగలేదు. మాట నిలబెట్టుకోమన్నాను. అది చేతగాకపోతే చేతగాదని చెప్పు."

చెల్లెలు తడి ఆరిన రెండు దుప్పట్లు బొంగుల మీద నుంచి దింపించి, మడతపెట్టి, బుట్టలో పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున టీ తాగి మామూలుగానే వచ్చింది. ఇద్దరూ దుప్పట్లు గట్టిగా లాగి లాగి బుట్టంతా ఆరేశారు.

కౌన్సిల్ మీటింగ్ రోజున అక్క లాడ్జీకి దుప్పట్లు ఇచ్చి, దారిలోనే ఉంది కదా అని మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళింది. అది దారిలో లేదు. మీటింగ్ హాల్లో వెనక బెంచీలు జనం కోసం వేసి ఉన్నాయి. ఖాళీ మూటగుడ్డ ఒళ్ళో పెట్టుకుని ఒక మూల కూర్చుంది. ముందు వరసలో చెల్లెలు. ఆమె పక్కన ఒక కుర్రకౌన్సిలర్ చోటు చాలక ఇబ్బంది పడుతుంటే, తన కుర్చీ కొంచెం జరిపి చోటిచ్చింది. అక్క తనలో తనే, 'మొదలెట్టింది' అనుకుంది.

ఒక సభ్యుడు లేచి బల్ల గుద్దాడు. మన ఊరు మన ఇష్టం, ఎవరి ఇంటి పక్కన ఎవరు ఎంత లేపాలో రాష్ట్రమెవరు చెప్పడానికి, గ్రాంటు ఎరచూపి మెడ వంచుతారా అన్నాడు. వెనక బెంచీల్లో చప్పట్లు మోగాయి. అక్క కూడా రెండు కొట్టింది. ఆయనన్న దాంట్లో అబద్ధమేముంది?

తర్వాత చెల్లెలు లేచింది. మైకు పట్టుకోలేదు. బస్సులో అలవాటైన గొంతు, మైకు అక్కర్లేదు.

"ఆయన చెప్పింది నిజమే. పన్ను పెంచుకోవద్దని కట్టేసింది వాళ్ళే. డబ్బు కావాలంటే మేం చెప్పినట్టు వినమంటోంది వాళ్ళే. నాకూ ఒళ్ళు మండుతోంది. నా కోపాన్ని కాగితం మీద పెట్టి పైకి పంపమంటే మొదటి సంతకం నాదే. కానీ మా పల్లంలో పంపు కోపంతో తిరగదండీ. నేను బకెట్టు పట్టి చూశాను."

చైర్మన్ ఏదో అనబోయింది. చెల్లెలు చెయ్యెత్తింది, బస్సు ఆపినట్టు.

"రెండు సంగతులు. పక్క హద్దుకి వదిలే దూరం ఇంజనీరుగారు రాసినట్టే ఉండాలి, ఒక్క జానెడు తగ్గించినా నేను ఒప్పుకోను. రెండోది. మా వీధిలో ఒక మనిషికి ఎండ పోనివ్వనని నేను మాటిచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. ఆవిడ తప్పేం లేదు, అడక్కుండా ఇచ్చింది నేనే. అది కూడా రాయండి."

గుమాస్తా కలం ఆపాడు. "అది సొంత విషయం కదమ్మా. మినిట్స్‌లో రాయక్కర్లేదు."

"రాయండి బాబూ. ఎవరి సీటు పోయిందో రాసుకోకుండా జనాన్ని జరగమంటే ఎలా?"

గుమాస్తా చైర్మన్ కేసి చూశాడు. చైర్మన్ తలూపింది. గుమాస్తా రాశాడు. రూల్సు మార్చడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నప్పుడు చెల్లెలు చెయ్యి అందరికన్నా ముందు లేచింది. దాని తర్వాత ఒకటీ రెండూ లేచాయి, తర్వాత చాలానే లేచాయి. బల్ల గుద్దినాయన చెయ్యి లేవలేదు. వెనక బెంచీలో అక్క మూటగుడ్డ మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

బయట బస్టాపులో ఒకరినొకరు చూసుకున్నారు. "దారిలో ఉందని వచ్చావా?" అంది చెల్లెలు. అక్క బస్సు వచ్చే వైపు చూసింది. బస్సొచ్చింది. ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరికాయి. అక్క కిటికీ వైపు, చెల్లెలు నడవా వైపు. రెండు స్టాపులు గడిచాయి. సంచులతో ఒక ముసలాయన ఎక్కాడు. కండక్టర్ కుర్రాడు "జరగండి, జరగండి" అని అరుస్తున్నాడు. ఎవరూ జరగలేదు. చెల్లెలు మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని, మెల్లగా లేచింది.

ముసలాయన కూర్చున్నాడు. చెల్లెలు పైనున్న కమ్మీ పట్టుకుని నిలబడింది. మలుపు దగ్గర బస్సు ఊగినా ఆవిడ ఊగలేదు. అక్క కిటికీలోంచి చూపు తిప్పి, ఆయన తల మీదుగా చెల్లెలితో అంది:

"వడ్రంగి పునాది తీసిన రోజు నుంచి నా తాళ్ళు నీ డాబా మీద కడతాను. కుర్చీ మాత్రం కదిపేది లేదు."